సొంతంగా చెట్ల కోత: సామాను నుంచి రేటు దాకా

విజయవాడలో గానీ వరంగల్‌లో గానీ ఇంటి ముందు ముదిరిన చెట్టు చూపించడానికి ముగ్గుర్ని పిలిస్తే మూడు రేట్లు వినిపిస్తాయి. ఒకరు మూడు వేలంటారు. ఇంకొకరు ఎనిమిది. మూడో ఆయన చెట్టు చుట్టూ ఒకసారి తిరిగి, కట్టె నాకొదిలేస్తే డబ్బులే వద్దంటాడు. ఇల్లుగలాయన అయోమయంలో పడడం సహజమే. విచిత్రమేమిటంటే, తన రేటు అంతే ఎందుకో ఆ ముగ్గురిలో ఒక్కరూ చెప్పలేకపోవడం. పక్కవాడు ఎంతకు చేస్తున్నాడో విని, ఇంటి గేటు చూసి, నోటికొచ్చింది చెప్పేస్తారు.

మేస్త్రీ కింద రెండు మూడేళ్లు కొమ్మలు లాగి, ఎక్కడం నేర్చుకుని, ఇక మనమే చేసుకుందాం అనుకునేవాళ్లకు ఈ కథనం. ఎక్కడం కాగితం మీద వచ్చే విద్య కాదు కాబట్టి దాని జోలికి పోను. సామాను ఏ వరుసలో కొనాలి, ఆ ఖర్చు రోజు రేటులోకి ఎలా రావాలి, వచ్చిన రేటును గేటు దగ్గర ఎలా చెప్పి నిలబెట్టుకోవాలి, ఇవి మూడే చెబుతాను. ఈ మూడూ ఒకటే లెక్క అన్నది నా నమ్మకం. కొత్త తాడుకు కావలసిన డబ్బు ఈ రోజు రేటులో లేకపోతే, పాత తాడే ఇంకో రెండేళ్లు నడుస్తుంది. ఆ తక్కువ రేటు లాభం ఇల్లుగలాయనది, ఆ తాడుకు వేలాడే ప్రాణం మనది.

ముందు ఒంటికి, తర్వాత మిషన్‌కి

సొంత పని మొదలుపెట్టేవాళ్లు చేతిలో ఉన్న డబ్బంతా పెట్టి కోత మిషన్ కొంటారు. హార్నెస్ తర్వాత చూద్దాంలే అంటారు. ఆ తర్వాత రాదు. వరుస తిప్పండి: హెల్మెట్, హార్నెస్, తాళ్లు, చేతి రంపం, అప్పుడు మిషన్. మొదటి నాలుగు నెలలు మిషన్ అద్దెకు తెచ్చుకున్నా పని సాగుతుంది. తాడును, హార్నెస్‌ను మాత్రం అద్దెకు తేకూడదు, సెకండ్‌హ్యాండ్‌లో కొనకూడదు. మిషన్ పాతదైతే స్టార్ట్ కాదు, అంతే. తాడు పాతదైతే ఆ సంగతి పైకెక్కాక తెలుస్తుంది.

హెల్మెట్ మీద ఐఎస్ 2925 ముద్ర చూసుకోండి. బిల్డింగ్ పనివాళ్ల హెల్మెట్ కూడా అదే ముద్రతో వస్తుంది గానీ దానికి గడ్డం కింద గట్టి పట్టీ ఉండదు. తల వంచి కిందికి చూసినప్పుడు ఊడి పడేది చెట్టు మీద పనికిరాదు. కళ్లకు జాలీ ముసుగు, చెవులకు మఫ్స్ కావాలి. చైన్‌సా మోత వంద డెసిబెల్స్ దాటుతుంది, పదేళ్లకు చెవి దాని బాకీ వసూలు చేసుకుంటుంది.

కాళ్లకు చైన్‌సా ప్యాంటు అనేది ఒకటుంది. చైన్ తగలగానే లోపలి పొడుగాటి దారాలు బయటికి లాగబడి, మిషన్ పళ్ల చక్రానికి చుట్టుకుని ఆపేస్తాయి. మే నెల ఎండలో మన దగ్గర దాన్ని తొడుక్కుని నిలబడడం నిజంగా కష్టం. అందుకే కాళ్ల ముందు భాగానికి మాత్రమే పట్టీలతో కట్టుకునే చాప్స్ కొనమంటాను. కింద దుంగలు కోసేవాడికి అవి తప్పనిసరి. లుంగీ మీద మిషన్ పట్టుకునేవాళ్లు ఇంకా ఉన్నారు. అలాంటివాణ్ణి మీ జట్టులో పెట్టుకోవద్దు, ఎంత పనివాడైనా.

హార్నెస్ విషయంలో మోసపోవడం తేలిక. హార్డ్‌వేర్ షాపులో దొరికే సేఫ్టీ బెల్టులో ఎక్కువ భాగం వీపు మీద ఒక్క రింగుతో వస్తాయి. పడిపోతే ఆపడానికి అవి. వాటికి వేలాడుతూ పని చేయడం కుదరదు, చేతులు చెట్టుకు అందవు, తొడల దగ్గర పట్టీలు బిగుసుకుని కాసేపటికి కాళ్లు మొద్దుబారతాయి. నడుముకు రెండు పక్కలా, బొడ్డు దగ్గర ముందువైపునా రింగులున్నది, తొడల కింద వెడల్పు పట్టీ ఉన్నది అడగండి. మన దేశపు ప్రమాణం ఐఎస్ 3521. ఆ అంకె లేబుల్ మీద లేకపోతే ధర ఎంత తక్కువైనా వదిలేయండి.

మనవాళ్లకు తాడు కట్టుకుని ఎక్కడం కొత్తేమీ కాదు. తాటిచెట్టు గీత కార్మికుల మోకు తరతరాలుగా ఉన్నదే. తెలంగాణ ప్రభుత్వం 2024 జులైలో కాటమయ్య రక్షణ కవచం పేరుతో గీత కార్మికులకు కొత్త కిట్లు ఇవ్వడం మొదలుపెట్టింది కూడా. కానీ తాడి, కొబ్బరి ఒంటి మానులు. వేప, రావి, నిద్రగన్నేరు అలా కావు, ప్రతి పంగ దగ్గరా నడుం తాడు విప్పి పైకి వేసుకోవాలి. ప్రమాదం ఆ విప్పే క్షణంలోనే ఉంది. అందుకే రెండు తాళ్లు: ఒకటి బిగించాక మాత్రమే రెండోది విప్పడం. మిషన్ ఆన్ చేసి ఉన్నంతసేపూ రెండూ బిగిసే ఉండాలి. ఆ రెంటిలో నడుం తాడు లోపల ఉక్కు తీగ ఉన్న రకం అయితే మంచిది, చైన్ జారి తగిలినా ఒక్కసారిగా తెగదు. అయితే ఉక్కు కరెంటును తీసుకొస్తుంది. తీగల పక్కన పని ఒప్పుకునే ముందు అది గుర్తుండాలి.

ఇక తాళ్లు. ఎక్కే తాడు 11 నుంచి 13 మిల్లీమీటర్ల మందం, లోపల గుజ్జు పైన అల్లికతో ఉండే కెర్న్‌మాంటిల్ రకం. కొమ్మలు దించే తాడు వేరు, దాని రంగు కూడా వేరుగా ఉండాలి, హడావిడిలో ఒకదానికొకటి మారకుండా. కిరాణా షాపుల్లో వేలాడే పసుపు, నీలం ప్లాస్టిక్ తాళ్లు పాలీప్రొపిలీన్‌వి. ఎండకు పెళుసుబారతాయి, మానుకు చుట్టి బరువు వదిలితే రాపిడి వేడికి కరుగుతాయి. దాని కరిగే స్థానం 165 డిగ్రీల ప్రాంతంలోనే. నరికిన కొమ్మలు కింద ఈడ్చుకెళ్లడానికి తప్ప దేనికీ వాడకండి.

దించే తాడు ఎంత గట్టిదో ఎంచుకోవాలంటే కొమ్మ బరువు తెలియాలి, దాన్ని కంటితో అంచనా వేసేవాళ్లు ఎప్పుడూ తక్కువే వేస్తారు. పచ్చి కట్టె ఇంచుమించు నీళ్లంత బరువు అనుకోండి, లెక్క సులువు. అడుగు మందం, పది అడుగుల పొడవున్న ముక్కను మీటర్లలోకి మారిస్తే 30 సెంటీమీటర్ల వ్యాసం, 3 మీటర్ల పొడవు. ఘనపరిమాణం 0.21 ఘనపు మీటర్లు. అంటే రెండు వందల కిలోల పైమాట. రెండు బియ్యం బస్తాలంత ఉంటుందిలే అనుకునే ముక్క అది! పైగా అది తాడు మీద మెల్లగా కూర్చోదు, పడి ఆగుతుంది. ఆ కుదుపులో తాడు మీద పడే లాగుడు బరువుకు ఎన్నో రెట్లు. అందుకే తాడు తెగే బరువు లేబుల్ మీద ఎంతుంటే అందులో పదోవంతు మించి వేలాడదీయకపోవడం మంచి కట్టుబాటు. కప్పీ ఒకటి, మాను మొదట్లో తాడు రెండు మూడు చుట్లు వేసి పట్టు వదలడం తెలిసిన కింది మనిషి ఒకడు: ఈ రెండూ ఉంటే రేకుల షెడ్డు మీది కొమ్మను కూడా రేకు పగలకుండా దించవచ్చు.

బ్రిటన్‌లో ఈ పని చేసేవాళ్లకు ఒక నియమం ఉంది. మనిషిని మోసే తాడు, హార్నెస్, కొక్కేలు ఆరు నెలలకోసారి తెలిసినవాడి చేత తనిఖీ చేయించి రాయించాలి. 1998 నాటి వాళ్ల లిఫ్టింగ్ నిబంధనల్లో ఉన్నది అది. మనకు అడిగేవాళ్లు లేరు. అయినా సంక్రాంతికి ఒకసారి, వానల ముందు ఒకసారి అన్నీ నేల మీద పరిచి, తాడును వేళ్ల మధ్య అంగుళం అంగుళం నడిపి చూడ్డానికి ఖర్చేమీ కాదు. ఎక్కడైనా మెత్తగా, బోలుగా తగిలితే అక్కడికి కోసేయండి.

మిషన్ సంగతి

ముందు చేతి రంపం. వంపు తిరిగిన, లాగితే కోసే రకం, ఒరతో సహా తొడకు కట్టుకునేది. చెయ్యి మందం దాకా కొమ్మలకు మిషన్ అక్కర్లేదు. పైన నిలబడి నాలుగైదు కిలోల మిషన్‌ను ఒక చేత్తో లాగి స్టార్ట్ చేసే తిప్పల కంటే రంపం పని ముందు అయిపోతుంది, పెట్రోలూ మిగులుతుంది. కర్రకు బిగించే రంపం ఇంకొకటి ఉంటే నిచ్చెన అవసరం సగం తగ్గుతుంది.

మిషన్లు బజారులో రెండు తరగతులు. 58 సీసీ అని రాసి చవగ్గా వచ్చే రకాలు ఒక పక్క, స్టిల్, హస్క్‌వర్నా లాంటి కంపెనీలవి ఇంకో పక్క. చవక మిషన్‌ను తీసిపారేయను. విడిభాగాలు ప్రతి పట్నంలో దొరుకుతాయి, బాగుచేసే మెకానిక్కు దాని కడుపులో ఏముందో కంఠతా వచ్చు. కింద దుంగలు కోయడానికి అది చాలు. పైకి తీసుకెళ్లడానికి మాత్రం వద్దు. బరువు, అదురు రెండూ ఎక్కువ, చైన్ బ్రేకు అన్నిట్లో ఒకేలా పని చేయదు. పైకి తీసుకెళ్లేది చిన్నదై ఉండాలి. స్టిల్ ఎంఎస్ 180 తరగతి చూడండి, 31.8 సీసీ, నాలుగు కిలోల ప్రాంతం. ఆ తరగతిలో ఏ మంచి కంపెనీదైనా సరే, మీ ఊళ్లో సర్వీసు ఉన్నది కొనండి. పైన ఒక చేత్తో పట్టే పొట్టి పిడి మిషన్లు చూడ్డానికి ముద్దుగా ఉంటాయి. రెండు తాళ్లతో కట్టుకుని పని చేయడం ఒంటికి అలవాటయ్యే దాకా వాటి జోలికి వెళ్లకండి. ఒక చేత్తో పట్టే వీలుంది కదా అని రెండో చేత్తో కోసే కొమ్మను పట్టుకుంటారు, చైన్ నేరుగా ఆ చేతికే వస్తుంది.

బార్ ముక్కు పై భాగం దేనికైనా తగిలితే మిషన్ మొహం మీదికి ఎగురుతుంది. చైన్ బ్రేకు ఉన్నది దానికోసమే. ప్రతి పొద్దునా ఒకసారి నొక్కి చూసి పని మొదలుపెట్టండి.

పెట్రోల్‌లో టూటీ ఆయిల్ ఎంత కలపాలన్నది మిషన్ పుస్తకంలో ఉంటుంది. యాభైకి ఒకటి అంటే లీటరుకు 20 మిల్లీలీటర్లు. చవక మిషన్లలో చాలావాటికి ఇరవై అయిదుకు ఒకటి, అంటే 40. కంటి లెక్కన పోయకుండా కొలత సీసా పెట్టుకోండి. ఇప్పుడు బంకుల్లో వచ్చే పెట్రోల్‌లో ఇథనాల్ పాలు ఎక్కువ, అది గాలిలోని తేమను లాగుతుంది. వారం పైన పని లేదంటే ట్యాంకు ఖాళీ చేసి, ఆగిపోయేదాకా మిషన్ నడిపి పెట్టండి. కార్బొరేటర్ రిపేర్లలో చాలావాటికి మూలం ఇక్కడే. బార్ ఆయిల్ బదులు వాడేసిన ఇంజినాయిల్ పోయడం మన దగ్గర మామూలైపోయింది. అందులోని ఇనుప రజను బార్‌ను తింటుంది, మిగిలింది చెట్టు గాయం మీదా మీ చేతుల మీదా చేరుతుంది. మిగిలిన డబ్బు బార్ ఖరీదులో పోతుంది.

పదును సంగతి ఒక్కటి నేర్చుకుంటే సగం ఇంధనం, సగం నడుం నొప్పి తప్పుతాయి. రంపపు పొట్టు రేకుల్లా రాలుతుంటే పదునుంది. పిండిలా రాలుతుంటే పోయింది, మీరు తోస్తున్నారు తప్ప అది కోయడం లేదు. గుండ్రటి ఆకురాయి సైజు చైన్‌ను బట్టి మారుతుంది: చిన్న మిషన్ల సన్న చైన్‌కు 4 మిల్లీమీటర్లది, 0.325 అంగుళాల చైన్‌కు 4.8ది. ప్రతి పన్నునూ ఒకే వాటంలో, ఎక్కువ చైన్లకు 30 డిగ్రీల కోణంలో, లోపలి నుంచి బయటికి, ఒకే లెక్కన తోయండి. ఒక పక్క పళ్లు పొట్టివైతే కోత వంకరపోతుంది. పట్నపు చెట్లలో పదునుకు అసలు శత్రువు కట్టె కాదు, మేకులు. ఫ్లెక్సీలు కొట్టిన మేకులు, పెళ్లి దీపాల తీగలు, ఎప్పుడో పెట్టిన ట్రీగార్డు కమ్మీలు మాను లోపలికి మింగుకుపోయి ఉంటాయి. రోడ్డు పక్క చెట్టుకు వెళ్తే అదనంగా రెండు చైన్లు సంచిలో ఉండాల్సిందే. ఆ ఖర్చు ఎవరిదన్నది రేటు చెప్పేటప్పుడే తేలాలి.

అప్పు కావాలంటే ముద్రా పథకంలో శిశు విభాగం కింద యాభై వేల దాకా వస్తుంది. చిన్న వ్యాపారాలకిచ్చే ఉద్యం నమోదుకు ఫీజు లేదు. అపార్ట్‌మెంట్లు, ఆసుపత్రులు, స్కూళ్లు బిల్లు అడిగినప్పుడు ఆ నంబరు పనికొస్తుంది. సేవల మీద ఏడాదికి ఇరవై లక్షల రాబడి దాటే దాకా జీఎస్టీ నమోదు అక్కర్లేదు, కాబట్టి బిల్లులో జీఎస్టీ వేయమని ఎవరైనా అడిగినా వేయకండి.

చూడ్డానికి వెళ్లినప్పుడు

ఫోన్‌లో రేటు చెప్పకండి. ఫొటో పంపిస్తారు, ఫొటోలో కొమ్మ కనిపిస్తుంది గానీ కొమ్మ కింద ఏముందో కనిపించదు. ఖాళీ స్థలంలో ఉన్న పచ్చతురాయిని రెండు గంటల్లో నేలకూల్చవచ్చు. అదే చెట్టు, అదే మందం, కింద రేకుల షెడ్డు, పక్కన కారు, పైన కేబుల్ వైరు ఉంటే ప్రతి ముక్కనూ తాడు కట్టి దించాలి, రోజంతా పడుతుంది. కట్టె ఒకటే. రేటు మూడు రెట్లు కావడంలో అన్యాయమేమీ లేదు.

వెళ్లాక పైకి చూసే ముందు కాగితం అడగండి. 2002 నాటి వాల్టా చట్టం ప్రకారం సొంత ఆవరణలోని చెట్టును పూర్తిగా కొట్టేయాలన్నా ముందుగా అధికారి అనుమతి కావాలి. మినహాయింపు ఉన్న రకాలు కొన్ని లేకపోలేదు గానీ, ఏది మినహాయింపో తేల్చాల్సింది మీరు కాదు. అనుమతి తెచ్చుకోవాల్సింది యజమాని. ఎవరైనా ఫిర్యాదు చేస్తే ముందుగా జప్తయ్యేది మీ మిషన్. టేకు, ఎర్రచందనం, శ్రీగంధం అయితే కట్టె తీసుకెళ్లే బాధ్యత అసలు ఒప్పుకోకండి, రవాణాకు అటవీ శాఖ కాగితం లేకుండా బండి కదలకూడదు.

ఆ తర్వాత తీగలు. కొమ్మకూ కరెంటు తీగకూ మధ్య మీ చేతి రంపం, మీ ఒళ్లు, ఊగే కొమ్మ ఏదీ పట్టనంత దగ్గరుంటే విద్యుత్ శాఖ వాళ్లతో మాట్లాడి లైన్ ఆపించాలి, లైన్‌మెన్ భాషలో ఎల్‌సీ తీసుకోవాలి. పదకొండు కేవీ లైన్ విషయంలో పచ్చి కొమ్మ తగిలినా చాలు, తీగను మనిషే ముట్టుకోనక్కర్లేదు. ఫలానా టైముకు కరెంటు తీస్తామని ఇల్లుగలాయన చెప్పిన మాట ఎల్‌సీ కాదు.

తేనెపట్టు ఉందా చూడండి. పెద్ద తేనెటీగల పట్టు ఎత్తు కొమ్మల అడుగున నల్లగా వేలాడుతుంటుంది, మిషన్ మోతకు లేచాయంటే తాడు మీద ఉన్నవాడు పారిపోలేడు. ఎర్రచీమల ఆకు గూళ్లు ప్రాణం తీయవు గానీ పని ఆపిస్తాయి. పక్షిగూళ్లలో గుడ్లో పిల్లలో ఉంటే పని వాయిదా వేయమని చెప్పండి, వన్యప్రాణి చట్టం గూళ్లకూ వర్తిస్తుంది. మానును గొడ్డలి వెనకవైపుతో నాలుగు చోట్ల తట్టండి. డొల్ల అయితే చప్పుడు చెబుతుంది. మొదట్లో పుట్టగొడుగులు, చెక్కకు అంటుకున్న గట్టి బూజు పలకలు ఉంటే వేళ్లు కుళ్లినట్టే అనుకుని, ఆ చెట్టుకు మనిషి వేలాడకుండా క్రేన్ మాట్లాడే రేటు చెప్పాలి.

రకం కూడా రేటును మారుస్తుంది. వేప, తుమ్మ, చింత నమ్మదగ్గ మానులు. తురాయి పెళుసు. మునగ సంగతి అందరికీ తెలిసిందే, నీలాంటి పనివాడు ఊళ్లో లేడని పొగిడి రేటు తగ్గించమనే యజమాని ఎక్కించేదీ ఆ చెట్టే. 2014 అక్టోబరులో హుద్‌హుద్ తుపాను వచ్చిపోయాక విశాఖలో ఎటు చూసినా కూలిన చెట్లే. అలా పడి ఒకదాని మీదొకటి ఒరిగిన మానుల్లో బిగువు ఉంటుంది, వంచి పట్టుకున్న విల్లులాగా. ఎటు కోస్తే ఎటు విడుదలవుతుందో చూసి కోయడం నిలబడ్డ చెట్టు పనికంటే కష్టం. తుపాను రేటు మామూలు రేటు కంటే ఎక్కువ ఉండడానికి గిరాకీ కన్నా ఇది గట్టి కారణం.

ఆఖరుగా, ఆయనకు ఏం కావాలో అడగండి. నూటికి తొంభైమంది తల కొట్టేయమంటారు. బోడి చేసిన చెట్టు మరుసటేడు గుత్తులు గుత్తులుగా చిగురిస్తుంది, ఆ చిగుళ్లు పైపై చెక్కకే అతుక్కుని ఉంటాయి, నాలుగేళ్లకు బరువెక్కి గాలికి విరిగి పడతాయి. నాలుగేళ్లకోసారి మళ్లీ పిలుస్తారు కదా అని దీన్నే బతుకుదెరువు చేసుకున్నవాళ్లున్నారు. నాకది నచ్చదు. ఎండుకొమ్మలు, రాసుకునే కొమ్మలు, ఇంటివైపు వచ్చినవి ఎంచి తీస్తే చెట్టు నిలుస్తుంది. టైము ఎక్కువ పడుతుంది కాబట్టి రేటు ఎక్కువ, ఆ మాట దాచకుండా చెప్పాలి. కోత ఎక్కడ పడాలన్నది అమెరికా అటవీ శాఖలో పనిచేసిన అలెక్స్ షైగో వేల మానులను నిలువునా చీల్చి చూసి తేల్చాడు: కొమ్మ మొదట్లో ఉబ్బెత్తుగా ఉండే కంఠానికి సరిగ్గా బయట. మానుకు చదునుగా కోస్తే గాయం పెద్దది, మొండెం వదిలితే కుళ్లు. బరువు కొమ్మయితే ముందు కింద నుంచి కొంచెం, కాస్త ఎడంగా పైనుంచి పూర్తిగా, మిగిలిన మొండెం చివర్లో. ఇలా మూడు కోతలు వేస్తే బెరడు చీలి మాను పొడుగునా ఊడిపోదు.

రోజు ఖర్చు కట్టడం

ఇప్పుడు కాగితం తీయండి. కింది అంకెలు లెక్క ఎలా కట్టాలో చూపడానికి పెట్టినవి. వాటి చోట మీ ఊరి ధరలు వేసుకోండి.

ఏడాదిలో పని దొరికే రోజులు ఎన్ని? మూడొందలని వేసుకునేవాళ్లు మునుగుతారు. వానలు, పండగలు, మంగళ శుక్రవారాలు చెట్టు ముట్టుకోనివ్వని ఇళ్లు, అనుమతి రాక ఆగిన పనులు, చూడ్డానికి వెళ్లి ఉత్తచేతులతో వచ్చిన పూటలు తీసేస్తే నూట యాభై అనుకోవడం క్షేమం.

సామాను ఖర్చును బతికే ఏళ్లతో భాగించాలి. పెద్ద మిషన్ ముప్పై వేలు, మూడేళ్లు: ఏడాదికి పది వేలు. చిన్నది పద్దెనిమిది వేలు, మూడేళ్లు: ఆరు వేలు. హార్నెస్, కొక్కేలు, నడుం తాడు కలిపి ఇరవై నాలుగు వేలు, మూడేళ్లు: ఎనిమిది వేలు. తాళ్లు పన్నెండు వేలు, రెండేళ్లకే మార్చాలి: ఆరు వేలు. హెల్మెట్, బూట్లు, చేతి తొడుగుల్లాంటివి ఏడాదికి ఆరు వేలు. నిచ్చెన, కప్పీలు, రంపాలు పదిహేను వేలు, అయిదేళ్లు: మూడు వేలు. రిపేర్లకు తొమ్మిది వేలు. ఫోను, బోర్డు, బీమా, చూడ్డానికి తిరిగే పెట్రోలు పన్నెండు వేలు. మొత్తం అరవై వేలు. నూట యాభై రోజులకు పంచితే రోజుకు నాలుగు వందలు. మీరు పైకెక్కినా ఎక్కకపోయినా, పని వచ్చిన ప్రతి రోజూ ముందుగా సామానుకు చెల్లించాల్సిన కూలి ఇది. చాలామంది రేట్లలో కనిపించనిదీ ఈ నాలుగొందలే.

దాని మీద ఆ రోజు ఖర్చు: పెట్రోలు, రెండు రకాల ఆయిల్, చైన్ అరుగుదల కలిపి ఏడొందలు. కింద ఇద్దరు మనుషులు, తొమ్మిదొందల చొప్పున పద్దెనిమిదొందలు. సామాను మోసే ట్రాలీ ఆటో అయిదొందలు. టీలు, భోజనాలు మూడొందలు. ఎక్కే మనిషి కూలి రెండు వేలు. ఎక్కేది మీరే అయినా ఈ రెండు వేలు రాయాలి. ఒకరోజు జ్వరమొచ్చి వేరే ఎక్కేవాణ్ణి పంపితే ఆయనకిచ్చేది ఎక్కడినుంచి తెస్తారు? అన్నీ కూడితే అయిదు వేల ఏడొందలు.

ఇది ఖర్చు, ఇంకా రేటు కాదు. ఇరవై శాతం కలపండి, పదకొండొందల నలభై. పగిలిన పెంకులు, ఎగ్గొట్టిన బిల్లులు, ఖాళీ వారాలు, రేపు కొనాల్సిన ఇంకో మిషన్ అన్నీ ఇందులోంచే. ఆరు వేల ఎనిమిదొందల నలభై. ఆరు వేల తొమ్మిదొందలు అనండి. ఇది మీ పూర్తి రోజు రేటు. ఒక్క కొమ్మే కదా అన్న పనికి కూడా సామాను సర్దాలి, ఆటో కదలాలి, మనుషులకు పూట పోతుంది. అందుకే పూట కనీస రేటు ఒకటి పెట్టుకోండి, ఈ లెక్కన మూడున్నర వేలు. అంతకు తక్కువైతే అదే వీధిలో ఇంకో పని కుదిరినప్పుడు వస్తామని చెప్పడం మర్యాద.

బీమా అన్నాను కదా. ప్రధానమంత్రి సురక్షా బీమా ఏడాదికి ఇరవై రూపాయలు, ప్రమాదంలో పోతే కుటుంబానికి రెండు లక్షలు. పద్దెనిమిది నుంచి డెబ్బై ఏళ్ల దాకా బ్యాంకు ఖాతా ఉన్న ఎవరైనా చేరవచ్చు. మీతో పాటు కింది ఇద్దరికీ కట్టించండి. రెండు లక్షలు ఏ మూలకూ చాలదు, దాని మీద మామూలు ప్రమాద బీమా ఇంకొకటి చూడండి, ఎత్తు మీద పని అని దాచకుండా రాయించి. కొబ్బరి దింపు పని కూడా చేసేవాళ్లకు కొబ్బరి బోర్డు వారి కేర సురక్ష బీమా ఉంది.

గేటు దగ్గర

రేటును ఒకే అంకెగా చెప్పకండి, మూడు ముక్కలుగా చెప్పండి: కోసి దించడానికి ఇంత, ముక్కలు చేసి పేర్చడానికి ఇంత, చెత్త తీసుకెళ్లడానికి ట్రాక్టరు ట్రిప్పుకు ఇంత. ఆకు, రెమ్మ ఎంత స్థలం తింటుందో యజమానికి తెలియదు, గేటు ముందు కుప్ప చూశాకే కళ్లు తిరుగుతాయి. కార్పొరేషన్ చెత్త బండి దాన్ని ఎత్తుకోదు. రావి, సుబాబుల్, నిద్రగన్నేరు అయితే మేకలవాళ్లకు ఫోన్ చేస్తే పచ్చి రొట్ట సగం ఉచితంగా ఖాళీ అవుతుంది, ఆ నంబర్లు రెండు దగ్గర పెట్టుకోండి.

కట్టె విలువను రేటులో కలిపేయడం పాత అలవాటు, మానుకోవాల్సినదీ అదే. ఇల్లుగలాయన దృష్టిలో ఆ మాను బంగారం. అడితీ వాడి దృష్టిలో తురాయి కట్టెకు కాటా రుసుం కూడా దండగ. తుమ్మ, వేప, సరుగుడుకు ధర పలుకుతుంది. సుబాబుల్, జామాయిల్ కాగితపు మిల్లులకు టన్నుల లెక్కన పోతాయి, ఒక్క చెట్టు కోసం వాళ్ల లారీ రాదు. కాబట్టి మా కోత ఇంత, కట్టె మీదే, మమ్మల్నే అమ్మిపెట్టమంటే కాటా చీటీ చూపించి వచ్చింది ఇస్తాం అనండి. డబ్బులొద్దు కట్టె ఇవ్వండి అన్న ఆ మూడో ఆయన లెక్క ఇప్పుడు అర్థమవుతుంది: మంచి మాను దొరికిన రోజు ఆయనకు పండగ, పెళుసు మాను దొరికిన రోజు కొమ్మలు వీధిలోనే వదిలేసి వెళ్లిపోతాడు.

బేరం వస్తుంది. రాకపోతే అనుమానించాలి. తగ్గించాల్సి వస్తే అంకె ఊరికే తగ్గించకండి, దానితో పాటు పని తగ్గించండి. కుప్ప మీరే తీయించుకుంటే పదిహేనొందలు తగ్గుతుంది అనండి, వెనకవైపు కొమ్మలు వచ్చే ఏడు చూద్దాం అనండి. కింది మనిషిని ఒకణ్ణి తగ్గించి, తాడు కట్టకుండా నేరుగా విసిరేసి రేటు తగ్గించే పని మాత్రం వద్దు. ఎవరో మూడు వేలకు చేస్తానన్నాడని అంటే, చేయించుకోండి సార్ అని నవ్వుతూ బయటికి రావడం నేర్చుకోవాలి. అలా వదిలేసిన ఇళ్లలో కొన్ని మళ్లీ ఫోన్ చేస్తాయి, పగిలిన సన్‌షేడ్ పక్కన సగం కోసిన చెట్టుతో. అప్పుడు మళ్లీ చూసి కొత్త రేటు చెప్పండి, విరిగి వేలాడే కొమ్మల పని మొదటి పని కంటే కష్టం.

ఒప్పుకున్నది వాట్సాప్‌లో రాసి పంపండి, ఫొటో మీద ఏ కొమ్మలు పోతాయో గీత గీసి. మొద్దు నేలకు ఎంత ఎత్తులో కోస్తారో అంగుళాల్లో రాయండి. ఈ పనిలో జరిగే గొడవల్లో ఎక్కువ దాని మీదే. వేళ్లు పెకలించడం మన పని కాదు, జేసీబీ వేరు అని రాయండి. మానులో మేకు, కమ్మీ తగిలి చైన్ పోతే ఖరీదు యజమానిది అని రాయండి. పూలకుండీలు, కార్లు, బట్టల తీగలు పొద్దున్నే తీసి ఉంచాలని రాయండి. రేకు, పెంకు మన చేతిలో పగిలితే మనదే అని కూడా రాయండి. ఆ ఒక్క వాక్యానికే రేటు ఒప్పుకునేవాళ్లున్నారు.

అడ్వాన్సుగా మూడోవంతు, కోత అయి కుప్ప తీసే ముందు మిగతాది. కుప్ప తీశాక అడిగితే బేరం మళ్లీ మొదలవుతుంది. అపార్ట్‌మెంట్ సంఘాల విషయంలో సెక్రటరీ మాట చాలదు, చెల్లింపు తేదీ ముందే అడగండి. కోశాధికారి ఊళ్లో లేడన్న మాట ఎన్ని వారాలైనా వింటూ ఉండాల్సి వస్తుంది. పెద్ద సంస్థలు నెలా రెండు నెలలు ఆలస్యంగా ఇస్తాయి. వాటి రేటులో ఆ వడ్డీ కలపండి, లేదా ఏడాదిలో అలాంటివి ఇన్నే అని గిరి గీసుకోండి.

ఏప్రిల్ మొదటి వారంలో పాత ఇళ్లన్నిటికీ ఒక మెసేజ్ పంపండి. తొలకరికి ముందు మే నెలలో పని ముంచుకొస్తుంది, అప్పుడు ఫోన్ ఎత్తే తీరిక ఉండదు. ఆ మెసేజ్ పంపే ముందు, రోజు రేటు లెక్క మళ్లీ ఒకసారి కట్టి, పెట్రోలు, కూలీ మారిన మేరకు అంకె మార్చండి.